వెదురు వంపు, రాతి చూరు

ఢిల్లీ ఎర్రకోటలోని దివాన్-ఎ-ఆమ్ సభామండపంలో, వెనుక గోడను ఆనుకొని తెల్లని పాలరాతి సింహాసన వేదిక ఒకటి ఉన్నది. 1639లో పునాది వేసి 1648 నాటికి పూర్తి చేసిన ఆ కోటలో షాజహాన్ చక్రవర్తి ప్రజలకు దర్శనమిచ్చిన స్థానమది. దర్శకులు సాధారణంగా గోడలో పొదిగిన రంగురాళ్ళ పక్షులను, పూలను చూచి ముందుకు సాగిపోతారు. వేదిక పైకప్పును పరిశీలించేవారు తక్కువ. ఆ కప్పు చదునుగా లేదు, గుమ్మటమూ కాదు. దాని చూరు మధ్యలో పైకి లేచి, రెండు మూలలకూ వచ్చేసరికి విల్లువలె కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు ఈరాన్ నుండి గాని, మధ్య ఆసియా నుండి గాని వచ్చినది కాదు. వంగదేశపు రైతు వెదురుతోనూ గడ్డితోనూ కట్టుకున్న పూరింటి వంపు అది. అపారమైన ఐశ్వర్యం గల పాదుషా తన అధికారపీఠానికి గొడుగుగా ఎన్నుకున్నది ఒక పల్లెటూరి గుడిసె ఆకారాన్ని.

ఇంటికి ముఖం వంటిది చూరు. వీధిలో నిలబడి చూచేవానికి గోడలకన్న ముందు చూరు గీతయే కంటబడుతుంది. ఆ గీత నిటారుగా ఉంటే ఒక రకం ఇల్లు, వంగితే మరొక రకం. భారత ఉపఖండంలో ఈ వంపు గీత చేసిన ప్రయాణం చాలా దూరమైనది. బంగాళాఖాతపు వరి పొలాల నుండి ఆగ్రా, ఢిల్లీ, లాహోరు రాజప్రాసాదాలకు, అక్కడి నుండి వాన కరవైన రాజస్థాన్ ఎడారికి అది చేరుకున్నది. ప్రయాణంలో వెదురు ఇటుకగా మారింది, ఇటుక పాలరాయిగా మారింది. వంపు మాత్రం చెక్కు చెదరలేదు.

వంపు ఎందుకు?

బెంగాల్ మైదానాలలో ఏటా 150 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వర్షం కురుస్తుంది. తూర్పు ప్రాంతాలలో ఇది 200 సెంటీమీటర్లను దాటుతుంది. నదులు తెచ్చిన ఒండ్రుమట్టి తప్ప ఇల్లు కట్టుకొనేందుకు రాయి లేదు. పెద్ద దూలాలకు పనికివచ్చే కలప అందరికీ అందేది కాదు. వెదురు మాత్రం ప్రతి ఊరి చుట్టూ పెరుగుతుంది. అందుచేత గోడకు మట్టి, కప్పుకు వెదురు, పైన వరిగడ్డి. ఇదే అక్కడి సామాన్యుని గృహశాస్త్రం.

వెదురుకు ఒక ప్రత్యేక గుణమున్నది. అది బోలు గొట్టం, పీచులు పొడవునా సాగి ఉంటాయి. కాబట్టి బరువు మోపితే విరగక వంగుతుంది. పొడవైన వెదురు వాసం చివరలను కట్టివేస్తే మధ్యభాగం తనంత తానే ఉబుకుతుంది. ఇతర దేశాల వడ్రంగి ఈ వంపును లోపంగా భావించి సరిచేయజూస్తాడు. వంగదేశపు ఘరామీ దానినే ఆధారం చేసుకున్నాడు. ఘరామీ అంటే గడ్డి ఇళ్ళను కట్టే పనివాడు. అతడు వెదుళ్ళను ముందుగానే వంచి కట్టుతాడు. బిగువుగా వంచి కట్టిన చట్రం విల్లువలె గట్టిపడి, గాలికి ఊగినా తిరిగి తన స్థితికి వస్తుంది. ఇంటి కొప్పు నుండి చూరు వరకు అంతా వంపే గనుక వాన నీరు నిలువక త్వరగా జారిపోతుంది. నీరు నిలిస్తే గడ్డి కుళ్ళుతుంది. కప్పు మూలలు కిందికి దిగి ఉండడం వల్ల మరొక ప్రయోజనం కూడా కలదు. మట్టిగోడకు బలహీనమైన చోటు దాని మూల. ఏటవాలుగా కొట్టే జల్లు నుండి ఆ మూలను చూరు కాపాడుతుంది. మధ్యలో చూరు లేచి ఉండడం వల్ల ఇంటి యజమాని తల వంచకుండా గుమ్మంలోకి ప్రవేశించగలడు.

ఇట్టి కప్పులో వాలును బెంగాలీలు ‘చాలా’ అంటారు. రెండు వాలులది దోచాలా, నాలుగింటిది చౌచాలా. నాలుగు వాలుల మీద మరొక చిన్న చౌచాలాను నిలిపితే ఆట్‌చాలా. రెండు దోచాలా ఇళ్ళను పక్కపక్కన చేర్చితే ‘జోడ్ బంగ్లా’ అవుతుంది. ఈ గుడిసెలు నాసిరకపు కట్టడాలని అనుకోవడం పొరపాటు. అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజల్ తన ‘ఐన్-ఎ-అక్బరీ’లో బెంగాల్ వెదురు ఇళ్ళను ప్రస్తావిస్తూ, వాటిలో కొన్నింటికి అయిదువేల రూపాయలు, అంతకు మించి కూడా ఖర్చవుతుందనీ, అవి చాలాకాలం మన్నుతాయనీ వ్రాశాడు. పదహారవ శతాబ్దంలో అయిదువేల రూపాయలంటే చిన్న మొత్తం కాదు.

ఇటుక వెదురైన వేళ

గుడిసె వంపు మొదట చేరినది మసీదులకు, సమాధి మందిరాలకు. మాల్దా జిల్లాలోని పాండువాలో పదిహేనవ శతాబ్దారంభంలో కట్టిన ఏక్‌లాఖీ సమాధి ఇటుక కట్టడం. దాని చూరు గీత ఎంత స్వల్పంగా వంగి ఉంటుందంటే, తెలియనివారు దానిని కట్టుబడిలోని దోషమనుకొనే అవకాశమున్నది. దోషం కాదు. అది ఒక కొత్త ప్రయత్నానికి తొలి అడుగు. నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న బాగేర్‌హాట్‌లో, 1459లో మరణించిన ఖాన్ జహాన్ నిర్మించిన షాట్ గుంబద్ మసీదుకు 77 కప్పులు కలవు. మధ్య వరుసలోని ఏడు మాత్రం గుండ్రని గుమ్మటాలు కాక, చౌచాలా పూరిళ్ళ ఆకారంలో ఉంటాయి. గౌడ నగరంలో 1493కూ 1519కీ మధ్య, అలావుద్దీన్ హుసేన్ షా పాలనలో కట్టిన ఛోటా సోనా మసీదు నడిభాగంలోనూ మూడు చౌచాలా కప్పులున్నవి. లోపలి నుండి తలెత్తి చూస్తే వెదురు వాసాలూ బద్దలూ కట్టినట్లే కాల్చిన మట్టిలో గీతలు దిద్ది ఉంటాయి. ప్రార్థనకు వచ్చిన రైతుకు అది తన ఇంటి కప్పే.

దేవాలయాల వంతు తరువాత వచ్చింది. ఇప్పటి బాంకుడా జిల్లాలోని బిష్ణుపూర్ మల్లరాజులకు రాజధాని. రాజు వీర హంబీరుడు వైష్ణవాన్ని స్వీకరించిన తరువాత ఆ వంశం వారు ఒక శతాబ్దానికి పైగా కృష్ణ మందిరాలను కట్టించారు. రఘునాథ సింహుడు కట్టించిన శ్యామరాయ మందిరం 1643 నాటిది. అతడే కట్టించిన జోడ్ బంగ్లా మందిరం 1655 నాటిది. 1694 నాటి మదనమోహన మందిరం దుర్జన సింహుని నిర్మాణం. ఈ మూడింటికీ ముఖభాగం నిండా కాల్చిన ఎర్రమట్టి పలకలే. రామాయణ ఘట్టాలు, కృష్ణలీలలు, వేట, పడవలు, సైనికులు అన్నీ వాటిలో కనబడతాయి. ఈ పలకల వరుసలు చూరు వద్దకు వచ్చేసరికి నిటారుగా ఉండక, ఒకదానిపై ఒకటి వంగుతూ, చూరు వంపుకు సమాంతరంగా పోతాయి.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఇటుకకు పీచు లేదు. దానికి వంగే శక్తి లేదు. బరువు కింద నలిగిపోకుండా నిలబడగలదు గాని, లాగితే తాళలేదు. కాబట్టి వెదురుకు సహజంగా వచ్చిన గీతను ఇటుక చేత పలికించాలంటే శిల్పి అనేక ఉపాయాలు పన్నవలసి వచ్చింది. లోపల కమానులూ, గుమ్మటాలూ బరువును మోస్తాయి. వాటి పైన ఇటుక, సున్నం నింపి వెలుపల గుడిసె రూపం దిద్దుతారు. అంటే లోపల ఒక శాస్త్రం, బయట మరొక జ్ఞాపకం. దీనిని కపటమని తోసివేసిన విమర్శకులు లేకపోలేదు. కాని దేవుడు మనలో ఒకడు, మన ఊరివాడు అని చెప్పదలచినవారు దేవునికి తమ ఇంటివంటి ఇల్లే కట్టడంలో వింత ఏమున్నది? ఈ పని చేసినవారు సూత్రధారులనే కులవృత్తి శిల్పులు. కొయ్య చెక్కినవారే మట్టి పలకలనూ చెక్కారు. మట్టి పలకలలోని లోతైన చెక్కడంలో కొయ్యపని అలవాటు స్పష్టంగా తెలుస్తుంది.

ఈ మందిరాలను ఊరూరా తిరిగి నమోదు చేసినవారిలో డేవిడ్ మెకచియన్‌ను ప్రత్యేకంగా పేర్కొనాలి. ఇంగ్లండు నుండి వచ్చి కలకత్తాలో సాహిత్యం బోధించిన ఆయన, ఫొటోలు తీస్తూ బెంగాల్ ఇటుక దేవాలయాలను వర్గీకరించి, 1972లో చిన్న వయస్సులోనే మరణించాడు. ఆయన తీసిన ఫొటోలలోని కొన్ని మందిరాలు తరువాత కూలిపోయాయి. నేటికి వాటికి మిగిలిన సాక్ష్యం ఆ ఫొటోలే.

బంగ్లాదేశ్‌లోని దినాజ్‌పూర్ వద్ద 1752లో పూర్తయిన కాంతజీవ్ మందిరం ఈ శైలికి పరాకాష్ఠ. దాని తొమ్మిది శిఖరాలూ 1897 భూకంపంలో కూలాయి. వంపు చూరులు మాత్రం నిలిచాయి. 1855లో రాణీ రాసమణి కలకత్తా సమీపాన కట్టించిన దక్షిణేశ్వర కాళీ మందిరంలో కూడా తొమ్మిది శిఖరాల కింద అదే పూరింటి గీత కనబడుతుంది.

అంతఃపురంలో గుడిసె

మొగలులకు బెంగాల్ అక్బరు కాలంలో వశమైనది. ఆగ్రా కోటలో బెంగాల్, గుజరాత్ రీతులలో అయిదువందలకు పైగా భవనాలు కట్టించినట్లు అబుల్ ఫజల్ చెప్పుకున్నాడు. వాటిలో అధికభాగాన్ని షాజహానే కూలగొట్టించి పాలరాతి భవనాలు లేపాడు. అయినా బెంగాల్ వంపును అతడు వదలలేదు. పైగా దానికి ఎన్నడూ లేని గౌరవమిచ్చాడు. ఆగ్రా ఖాస్ మహల్‌కు ఇరువైపులా ఉన్న మండపాలకు దోచాలా కప్పులు వేసి, వాటి పైన బంగారు పూత పూసిన రాగి రేకులు తొడిగించాడు. లాహోరు కోటలో 1633లో కట్టిన నౌలఖా మండపం కూడా ఇదే ఆకారం. తొమ్మిది లక్షల రూపాయలు ఖర్చయినందున దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. గుడిసె నమూనాకు తొమ్మిది లక్షలు!

ఇక్కడ గమనించదగిన విషయమొకటి ఉన్నది. షాజహాన్ కట్టడాలలో ఈ వంపు కప్పు చక్రవర్తి కూర్చుండే చోటికి, దర్శనమిచ్చే గవాక్షానికి, ఆయన కుటుంబపు మండపాలకు చెందినది. వంగదేశంలో సామాన్యతకు గుర్తు అయిన గీత ఢిల్లీలో ఏకైక ప్రభుత్వానికి గుర్తు అయినది. ఔరంగజేబు కాలం నుండి ఆ కట్టుబాటు సడలింది. ఎర్రకోటలో అతడు కట్టించిన మోతీ మసీదు చూరులో కూడా వంపు ప్రవేశించింది. ఆపైన సామంతులు, ధనికులు, వర్తకులు అందరూ దానిని తమ ఇళ్ళకు తెచ్చుకున్నారు.

రాజస్థాన్‌లో అది ఎంతగా ఇమిడిపోయిందంటే, నేడు అనేకులు దానిని అక్కడి సొంత సొత్తుగానే ఎంచుతారు. ఆంబేరు రాజు మాన్‌సింగ్ 1594 నుండి బెంగాల్ సుబేదారుగా ఉన్నాడు. పరిచయం ఆ మార్గాన కూడా కలిగి ఉండవచ్చు. జయపురంలో సవాయ్ ప్రతాప్‌సింగ్ 1799లో కట్టించిన హవామహల్ ముఖభాగమంతా ముందుకు ఉబికిన చిన్న చిన్న గవాక్షాల సమూహమే. అయిదు అంతస్తులు, 953 కిటికీలు. ఒక్కొక్క గవాక్షం అర్ధ అష్టకోణాకృతిలో వీధి వైపు పొడుచుకు వచ్చి, నెత్తిన వంపు కప్పు ధరించి ఉంటుంది. శిల్పి పేరు లాల్‌చంద్ ఉస్తాద్. ఆ భవనపు పై అంతస్తులు ఒక్క గది లోతు మాత్రమే. ఒక విధంగా అది కేవలం ముఖం. అల్వారులో 1815 నాటి మూసీ మహారాణీ ఛత్రీ పైభాగం పాలరాతి వంపుల విలాసం. జైసల్మేరు వర్తకుల హవేళీలలో పసుపు రాతి గవాక్షాల మీద కూడా అవే కప్పులు. జైసల్మేరులో ఏడాది వాన 20 సెంటీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. వాన నీరు జారిపోవడానికి పుట్టిన వంపు, వాన కొరకు ఎదురుచూచే ఊరిలో అలంకారమై నిలిచింది.

పాతకథ మళ్ళీ జరిగినట్లు

కొయ్య గీత రాతిలోకి రావడం ఈ దేశంలో అదే మొదటిసారి కాదు. బీహారులోని బరాబర్ కొండలలో క్రీ.పూ. మూడవ శతాబ్దపు లోమశ ఋషి గుహ ద్వారం చూడండి. వంచిన కొయ్య పలకలు, వాటి కింద పొడుచుకు వచ్చిన వాసాల కొసలు, అన్నీ గట్టి రాతిలో యథాతథంగా చెక్కారు. కమాను మీద వరుసగా నడిచే ఏనుగులు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచిన గుండ్రని చైత్యగృహం ఉన్నది. దాని లోకప్పులో కొయ్య వాసాలను పోలిన రాతి పక్కటెముకలు నడినెత్తిన కలుసుకుంటాయి. బరువు మోసే అవసరం వాటికి లేదు. కొండ తన బరువును తానే మోసుకుంటున్నది. మహారాష్ట్రలోని కార్లే గుహలో శిల్పులు ఇంకొక అడుగు వేసి, రాతి కప్పు కింద నిజమైన కొయ్య పక్కటెముకలనే అమర్చారు. అవి నేటికీ ఉన్నవి. ఏడవ శతాబ్దంలో మామల్లపురపు పల్లవ శిల్పులు ఒకే బండను చెక్కి తీర్చిన ద్రౌపదీ రథం అచ్చంగా నాలుగు వాలుల పూరిల్లు.

దక్షిణాది ఆలయాలలో గోడ పైన వెలికి ఉబికిన గుండ్రని చూరును కపోతమంటారు. విజయనగర కాలానికి అది ‘ఎస్’ అక్షరం వలె రెండుమార్లు వంగింది. హంపీ విఠలాలయ మండపంలో ఆ చూరు కింద నిలిచి పైకి చూస్తే, రాతి వాసాలు, వాటిని పట్టి ఉంచే అడ్డకర్రలు చెక్కి ఉండడం కనబడుతుంది.

ఇదే ప్రశ్న గృహోపకరణాల విషయంలోనూ వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్దపు ఐరోపాలో బీరువాలకు, సొరుగుల పెట్టెలకు ముందు భాగం విల్లువలె ఉబుకుగా ఉండడం వేడుకైనది. అచ్చటి వడ్రంగులు కొయ్యను వంచలేదు. చిన్న చిన్న చెక్కముక్కలను ఇటుకల వలె పేర్చి, జిగురుతో అతికి, వంపుగా కోసి, పైన పలుచని మేలైన చెక్కపొరను అంటించారు. బెంగాల్‌లో ఇటుక వెదురు వేషం వేస్తే, అక్కడ కొయ్య ఇటుక వేషం వేసింది! ఆ కాలంలోనే విశాఖపట్నం పనివారు తెల్లదొరల నమూనాలను చూచి టేకు, నూకమాను వంటి కలపలలో బల్లలు, కుర్చీలు, పెట్టెలు చేసి, దంతపు పూలతీగలను పొదిగి ఖ్యాతి గడించారు. కొయ్యను నిజంగా వంచే విద్య మాత్రం మన పల్లకీ బొంగులోనూ, తూర్పు రాష్ట్రాల బెత్తపు పనిలోనూ నిలిచి ఉన్నది. వేడి తగిలితే వెదురు, బెత్తం మెత్తబడి వంగుతాయి, చల్లారగానే ఆ వంపులోనే బిగుసుకుంటాయి.

పేరు మిగిలింది

తెలుగులో ‘బంగళా’ అంటే సంపన్నుల భవంతి. ఆ మాటకు అసలు అర్థం ‘బెంగాలీ రీతి ఇల్లు’ అని మాత్రమే. పదిహేడవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీవారు అక్కడి ఇళ్ళను చూచి ఆ పేరును పట్టుకున్నారు. వారి చేతిలో ఇంటి చుట్టూ వరండా చేరింది, పెంకులు వచ్చాయి, వంపు మాయమైంది. డాక్ బంగళాలు, దొరల బంగళాలు దేశమంతటా వెలిశాయి. 1870 ప్రాంతంలో ఇంగ్లండు సముద్రతీరాన కూడా ‘బంగలో’లు వచ్చాయి. 1664లో ఎనిమిదవ సిక్కు గురువు హరికృష్ణులు విడిది చేసిన రాజా జయసింగ్ బంగళా స్థలమే నేటి ఢిల్లీలోని బంగ్లా సాహిబ్ గురుద్వారా. ప్రాంతం, భాష, మతం ఏదైనా ఈ మాట అడ్డగింపులేక నడిచింది.

మూలరూపపు సంగతి వేరు. బెంగాల్ గ్రామాలలో గడ్డి స్థానాన్ని ముడతల ఇనుపరేకు ఆక్రమించింది. రేకు నిటారుగా పరచుకుంటుంది గాని, రెండు దిక్కులకూ వంగదు. కావున ఇంటి చూరు నిటారైంది. కూలిపోని ఇల్లు, ఏటేటా గడ్డి మార్చే బాధ లేని ఇల్లు కావాలని కోరుకొనే రైతును తప్పుపట్టడానికి ఎవరికీ అధికారం లేదు. అయితే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం ఒక నిర్మాణానికి రక్షణ లభించాలంటే దానికి నూరేళ్ళు నిండాలి. గడ్డి ఇల్లు కొన్నేళ్ళకొకసారి కొత్తదవుతుంది. దానికి నూరేళ్ళు ఎన్నటికీ నిండవు. కాబట్టి రాతి నకలుకు చట్టపు కాపలా ఉన్నది, వెదురు అసలుకు లేదు.

నకలు కూడా పూర్తిగా నిశ్చింతగా లేదు. బిష్ణుపూర్ మందిరాలు 1998 నుండి యునెస్కో ప్రతిపాదిత జాబితాలో ఉన్నవి. పురావస్తు శాఖ సంరక్షణలో లేని చిన్న ఊళ్ళ మందిరాలను భక్తులు సిమెంటుతో బాగుచేయిస్తున్నారు. పాత కట్టుబడి సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్ఖీది. అది తేమను పీల్చి వదలుతుంది. సిమెంటు పూత తేమను లోపలనే బంధిస్తుంది. బయటకు దారి లేని తేమ, దానితో కూడిన ఉప్పు మట్టి పలకల నుండి బయటపడజూచి, ముఖాలను పొరలు పొరలుగా రాల్చివేస్తాయి. పైగా మేస్త్రీ దారం పట్టి నిటారు గీత గీయగలడు. కొలబద్దకు అందని ఆ స్వల్ప వంపును మళ్ళీ తేవాలంటే, వెదురు ఎట్లా వంగుతుందో చేతితో ఎరిగినవాడు కావాలి.

అట్టివారు పూర్తిగా లేకపోలేదు. కలకత్తా దుర్గాపూజను యునెస్కో 2021లో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. పూజకు కొన్ని వారాల ముందే గ్రామాల నుండి పనివారు నగరానికి వచ్చి, వెదుళ్ళను వంచి, తాళ్ళతో కట్టి, మేకు కొట్టకుండా మూడు నాలుగు అంతస్తుల ఎత్తు పందిళ్ళు లేపుతారు. లోపల దేవీ విగ్రహం వెనుక నిలిపే చిత్రించిన అర్ధవృత్తాకారపు చట్రాన్ని చాల్‌చిత్ర అంటారు. దానికీ లోపలి ఎముక వెదురు బద్దే. విజయదశమి గడచిన తరువాత తాళ్ళు విప్పుతారు, వెదుళ్ళను బండ్ల మీదికి ఎక్కిస్తారు.